గుమ్మడిటేకు తుపాకీ

మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్ళు ముందుగదిలో గోడకి తగిలించిన తుపాకీని చూసి, వెంటనే మావారి వైపు తిరిగి "మీరు షూటింగ్ ఆడేవారా?" అని అడుగుతారు. నేను అక్కడే కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంటాను. నా వైపు ఒక్కరూ తిరగరు. మావారు ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు కుర్చీలో వెనక్కి వాలి, "తయారుచెయ్యడం వరకే నా పని. కాల్చింది ఆవిడ" అంటారు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు పుట్టలేదు. గర్వంగానే ఉంటుంది. దాచుకోవడం దేనికి?

అది మందు దట్టించే తుపాకీ కాదు, ఎయిర్‌గన్. గొట్టాన్ని మధ్యలో వంచితే లోపల స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే గాలి తోసుకొచ్చి సీసపు గుండుని ముందుకి కొడుతుంది. లైసెన్సు అక్కర్లేదు. కానీ ఇలాంటిది ఏ దుకాణంలోనూ దొరకదు. దీని కర్రభాగం మొత్తం నా కొలతలకి, నా ఒక్కదాని కొలతలకి చేసింది.

డెబ్బైల చివర్లో మేం భిలాయిలో సెక్టర్ 7లో ఉండేవాళ్ళం. మావారు స్టీల్ ప్లాంటు మెషీన్ షాపులో ఇంజనీరు. ఆయనది విజయనగరం, మాది శ్రీకాకుళం వైపు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, పాలవాడితో ఛత్తీస్‌గఢీ కలిసిన ఇంకేదో భాష. పిల్లలిద్దరూ నాతో తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగించేవారు. ఆదివారం వచ్చిందంటే మావారు ఇంట్లో ఉండేవారు కాదు. టౌన్‌షిప్పు చివర ఖాళీ స్థలంలో మట్టిగోడ ఒకటి కట్టుకుని, దాని ముందు టార్గెట్ కార్డులు పెట్టి ఎయిర్‌గన్నులు కాల్చే చిన్న క్లబ్బు ఉండేది. అక్కడికి పోయేవారు.

ఏటా చలికాలంలో ఆ క్లబ్బు వార్షికోత్సవం. ఆ రోజు కుటుంబాలన్నీ రావాలి. మగవాళ్ళకి గురి పోటీ, ఆడవాళ్ళకి నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ, పరుగు. ఒక ఏడాది నేనూ పరిగెత్తాను. సగం దూరంలో నిమ్మకాయ కింద పడింది. చుట్టూ చప్పట్లు. ఇద్దరు పిల్లల తల్లిని, చెంచా కొరుక్కుని మైదానంలో గెంతడమేమిటని నాకు ఒళ్ళు మండిపోయింది. చెంచా అక్కడే పారేసి, తిన్నగా మగవాళ్ళు నిలబడ్డ చోటికి వెళ్ళి మావారి చేతిలో తుపాకీ అడిగాను. ఆయన బిత్తరపోయి ఇచ్చేశారు. ఎత్తాను. ఎత్తాననే అనుకున్నాను. అది నా చేతుల్లో ముందుకి వాలిపోయి, గుండు నా కాళ్ళకి కొంచెం అవతల నేలలో దిగింది.

నవ్వులు. క్లబ్బు సెక్రటరీ హర్యానా వైపు పెద్దమనిషి, మీసాలు నిమురుకుంటూ, "భాభీజీ, యే ఆప్ కే బస్ కీ బాత్ నహీ" అన్నాడు, మీ వల్ల అయ్యే పని కాదని. నా నోటికి అడ్డూ ఆపూ ఎప్పుడూ లేదు. "అగ్‌లే సాల్ దేఖియేగా" అనేశాను, వచ్చే ఏడాది చూడండని. ఆయన అందరూ వినేట్టు చెప్పాడు: సరే, వచ్చే ఏడాది భాభీజీ ఒక్కరూ మగవాళ్ళతో పాటు నిలబడతారు. బాగా కాలిస్తే ఆ పైఏడు నుంచి ఆడవాళ్ళకీ పోటీలో చోటిస్తాం. కాల్చలేకపోతే ఇంక ఈ విషయం ఏ ఆడమనిషీ ఎత్తకూడదు. నా వెనక మా సెక్టర్ ఆడవాళ్ళంతా నిలబడి వింటున్నారు. వాళ్ళందరి తరఫునా నేను ఒప్పేసుకున్నానని అప్పటికి గాని నాకు తట్టలేదు.

స్కూటర్ మీద ఇంటికొస్తుంటే సగం దారిలో మావారు స్కూటర్ నెమ్మది చేశారు. తర్వాత, "ఆ తుపాకీ మగాళ్ళ కోసం చేసింది. నీ చేతికి అది ఎలాగాగుద్దేటి?" అన్నారు. ఇంకొంచెం దూరం వెళ్ళాక, "నీకు వేరేది చేస్తాను" అన్నారు. అడగకుండా అన్న మాట అది. అప్పుడే ఆయన మీద సగం కోపం పోయింది. నవ్విన వాళ్ళలో ఆయనా ఉన్నారు మరి.

ఆయన స్నేహితుడొకడు రూర్కెలాకి బదిలీ అయి వెళ్ళిపోతూ, కర్ర విరిగిన పాత ఎయిర్‌గన్ను ఒకటి మా ఇంట్లో వదిలేసి వెళ్ళాడు. ఇనుము బాగానే ఉంది. కర్రభాగం కొత్తది చెయ్యాలి. మామూలుగా వాడే చెక్క బరువు. తేలికగా ఉండాలి, కాల్చినప్పుడు స్ప్రింగు కొట్టే దెబ్బకి పగలకూడదు. ఎవరో చెబితే ఇద్దరం స్కూటర్ మీద రాయపూర్ దారిలో ఉన్న కుమ్హారి దాకా వెళ్ళాం. అక్కడి కలప అడితిలో ఒక పలక ఎత్తి చూపించారు. ఖమ్హార్ అన్నారు, డోలక్‌లు చేసే చెక్క అట. మావారు గోటితో గీసి, వాసన చూసి, "ఇది మన గుమ్మడిటేకు కదేటి" అని మురిసిపోయారు. తిరుగు ప్రయాణంలో ఆ పలక నా ఒళ్ళో అడ్డంగా ఉంది. జీ.ఈ. రోడ్డు హైవే మీద వచ్చే లారీవాళ్ళంతా పలకకి దారిచ్చి తప్పుకుని వెళ్ళారు.

వెనక వరండా వర్క్‌షాపైపోయింది. ఆయన స్టీలు స్కేలు పట్టుకుని నా కొలతలు తియ్యడానికి వచ్చారు. ఇనుప దిమ్మకి తీసినట్టు భుజం నుంచి మోచేతికి, మోచేతి నుంచి వేలికి తిన్నని గీతలు. నేను ఊరుకోలేదు. "మనిషికి కొలతలు అలా తియ్యరండీ" అని నా కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తెచ్చి ఇచ్చాను. జాకెట్టుకి కాగితం కత్తిరించుకున్నట్టే భుజానికి ఆనే తుపాకీ మడమకీ ముందు కాగితం కత్తిరించాను. భుజానికి ఆన్చి, మెడ వంచి, పొడుగైన చోట మడత పెట్టి, మళ్ళీ కత్తిరించి. ఆ కాగితాన్ని చెక్క మీద అంటించి ఆయన కోశారు. ప్లాంటులో అంత పెద్ద యంత్రాలకి నక్షాలు గీసే మనిషి, నా కాగితం గీత దాటి ఒక్క నూలు కూడా పోలేదు. అది చూసి ఆ రోజు ఆయనకి ఇష్టమని ఉలవచారు పెట్టాను.

మడమ లోపల తొలిచి బోలుగా చేశారు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప రింగు తీసేసి అల్యూమినియంది బిగించారు. స్ప్రింగు కూడా కాస్త తగ్గించారు, గొట్టం వంచడానికి నేను మోకాలు అడ్డం పెట్టుకోనక్కర్లేకుండా. గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించి నా చేతికిచ్చారు. చంటిపిల్లని ఎత్తుకున్నంత సులువుగా భుజానికెక్కింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం.

తీరా కాలిస్తే గుళ్ళన్నీ కార్డు బయటే.

అక్కడ మొదలైంది అసలు బాధ. ఆయనది మెషీన్ షాపు బుర్ర. ఏదైనా సరిగా తిరగకపోతే కొంచెం అరగదీస్తే సరిపోతుందని నమ్మకం. "ఇంకా బరువుగా ఉందేటి?" అనేవారు. లేదంటే వినేవారు కాదు. "ఉంటాదిలే, నీకు తెలీడం లేదు" అని మళ్ళీ ఆకురాయి పట్టుకునేవారు. వారం వారం చెక్క తగ్గిపోతోంది. నా గురి మాత్రం అంగుళం జరగలేదు. "ఇంకో నెల చెక్కితే చీపురుపుల్ల మిగులుతుంది, దాంతో వరండా ఊడ్చుకుంటాను" అన్నాను ఒకరోజు. ఆయన నవ్వలేదు. వార్షికోత్సవం దగ్గరపడుతోంది. ఎదురింటి బిహారీ దీదీ రోజూ గేటు దగ్గర ఆగి, "నిశానా లగా?" అని అడిగేది. తగల్లేదని చెప్పడానికి నాకు తల కొట్టేసినట్టుండేది. ఆవిడ నా కోసం అడగడం లేదు, తన కోసం అడుగుతోంది.

ఒక ఆదివారం పొద్దున్న నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. మా కొత్తిమీర మడిలోకి ఊరావు ఒకటి దూరింది. ఆ సెక్టర్‌లో ఆవులకి గేట్లు తియ్యడం వచ్చు. ఒక చేతిలో తడిబట్ట ఉంది. నేను వంగి మట్టిగడ్డ తీసి విసిరాను. గడ్డ తిన్నగా వెళ్ళి దాని పిర్ర మీద పేలింది. అది తోకెత్తుకుని పరుగు. క్లబ్బు మానుకుని వరండాలో చిత్రిక పడుతున్న మావారు లేచి నిలబడ్డారు.

"మళ్ళీ విసురు" అన్నారు.

"ఆవు వెళ్ళిపోయిందిగా."

"ఆ గోడకేసి విసురు. ఏ చేత్తో విసిరేవు నువ్వు?"

అప్పుడు చూసుకున్నాను. తడిబట్ట కుడిచేతిలో ఉంది. విసిరింది ఎడమచేత్తో.

పెళ్ళయి అన్నేళ్ళయినా ఆయనకి తెలియదు. తెలియడానికి నేను బయటపడితే కదా. నేను పుట్టడం ఎడమచేతి వాటంతోనే పుట్టాను. బలపం ఎడమచేత్తో పట్టుకున్నాను, ముద్ద ఎడమచేత్తో ఎత్తాను. ముద్ద ఎత్తిన రోజు నుంచీ మా అమ్మ నా ఎడమచేతిని పాత చీర పేలికతో నడుముకి కట్టేసేది. తినేటప్పుడు, రాసేటప్పుడు, పువ్వులు కట్టేటప్పుడు. "పుర్రచేతి పిల్లని ఎవడు చేసుకుంటాడే" అనేది. చివరికి కుడిచెయ్యి నేర్చుకుంది. రాత వచ్చింది, కుట్టు వచ్చింది, అందరిలాంటి దాన్నే అయ్యాను. కానీ ఆ పేలిక బిగువు నేను మర్చిపోలేదు. అమ్మ మీద ఆ కోపం ఎప్పుడూ ఒక పక్కన ఉంటూనే ఉండేది.

ఇదంతా చెబుతుంటే మావారు మొదట నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు. ఒక కాగితానికి చిల్లు పెట్టి ఇచ్చి, అందులోంచి గోడగడియారం చూడమన్నారు. నేను కాగితం ఎత్తి ఎడమకంటికి పెట్టుకున్నాను. ఆలోచించకుండానే. "అదీ సంగతి" అన్నారు. ఇన్నాళ్ళూ తుపాకీ కుడిభుజం మీద, చూపు ఎడమకంట్లో. మధ్యలో నా మెడ కొంగమెడలా సాగి వంకర తిరుగుతోంది. బరువుకీ నా గురికీ సంబంధమే లేదు.

నెలల తరబడి చెక్కిన ఆ కర్రని ఆయన చేతుల్లోకి తీసుకుని చూశారు. నేను భయపడ్డాను, మొదట్లోనే చెప్పొచ్చు కదా అంటారేమోనని. ఆయన అనలేదు. "ఇది నీ తుపాకీ కాదు. నేను వేరే ఎవరికో చేసేను" అన్నారు. కర్ర పక్కన పెట్టి, స్కూటర్ తాళాలు తీసుకుని మళ్ళీ కుమ్హారి బయల్దేరారు. ఆయన గురించి ఎవరేం చెప్పినా, నాకు మాత్రం ఆ స్కూటర్ చప్పుడే గుర్తొస్తుంది.

రెండో కర్రకి చెంప ఆన్చే పల్లం ఎడమచెంపకి సరిపోయేలా మలిచారు. ఈసారి అవసరానికి మించి చెక్కలేదు. అది ఇంకా నూనె ఆరకుండానే మా అమ్మ దిగింది. నాన్న పోయాక ఏటా చలికాలం మా దగ్గర గడిపేది. వచ్చిన మర్నాడే పెరట్లో నన్ను చూసింది, తుపాకీ ఎడమభుజం మీద, గోడ మీద కార్డు.

"ఒలే, ఏటే ఇది?" అంది. తుపాకీ గురించి కాదు. "ఆ సెయ్యేటి?"

"నా చెయ్యేనమ్మా."

"ఎంత కష్టపడి మానిపించేనే. మళ్ళీ మొదలెట్టీసేవా? నలుగురిలో పుర్రసేత్తో నిలబడతావా?"

"నిలబడతాను. నువ్వు కట్టిన చెయ్యి నా మొగుడు విప్పేడు" అన్నాను. నా నోరే అంత. అమ్మ లోపలికి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు మా మధ్య పిల్లలే మాటలు మోశారు.

గురి కుదిరింది. కాని కొత్త చిక్కు. మన కట్టులో పైట ఎడమభుజం మీదే కదా. పైట కుచ్చిళ్ళ మీద మడమ ఆనదు, నైలాన్ చీర అయితే మరీ, కాల్చిన ప్రతిసారీ జారుతుంది. పిన్నీసులు పెట్టి చూశాను, ముతక చీరలు కట్టి చూశాను. ఒకరోజు దీదీ గేటు దగ్గర నిలబడి చూసి, లోపలికి వచ్చి, నా పైట తీసి వీపు మీదుగా కుడిభుజానికి తెచ్చి, అంచు ముందుకి దింపి నడుం దగ్గర దోపింది. వాళ్ళ సీధా పల్లూ. ఎడమభుజం మీద జాకెట్టు తప్ప ఏమీ లేదు. మడమ అక్కడే పుట్టినట్టు కూర్చుంది. మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి, "కట్టు కూడా మార్చీసింది" అని ఎవరికీ కాకుండా చెప్పుకుంది.

వార్షికోత్సవం రోజు పొద్దున్న మంచు పల్చగా ఉంది, దూరంగా ప్లాంటు చిమ్నీలు కనిపిస్తున్నాయి. అమ్మ రానంది. మేం స్కూటర్ ఎక్కబోతుంటే శాలువా కప్పుకుని వచ్చి, పిల్లల్ని చూసుకోవడానికి వస్తున్నానంది. అమ్మా పిల్లలూ దీదీతో రిక్షాలో వచ్చారు. సెక్టర్ ఆడవాళ్ళు చాలామందే వచ్చారు. చెంచా పరుగుకి పేరివ్వమంటే ఎవరూ ఇవ్వలేదు. అందరూ గీత వెనక వచ్చి నిలబడ్డారు.

నా వంతు వచ్చింది. పైట కుడివైపు, తుపాకీ ఎడమవైపు. ఎవరో "అరె, ఉల్టా" అన్నారు. చెంపని ఆ పల్లంలో ఆన్చాను. మావారి చేతులు ఎన్ని రోజులు రుద్దితే అంత నున్నగా అయిందో నాకు తెలుసు. ఊపిరి సగం వదిలి నొక్కాను. కార్డు మీద నల్లటి చుక్కలో తెల్లటి బెజ్జం పడింది. తర్వాతిది దాని పక్కనే. ఆ తర్వాత నాకు ఎవరి మాటా వినబడలేదు.

మొత్తం మీద మూడోస్థానంలో వచ్చాను. మావారికి ఐదు. ఆయన తన సంగతి మర్చిపోయి, కనబడిన ప్రతివాడికీ తుపాకీ చూపిస్తూ తిరిగారు. గుమ్మడిటేకు, ఎడమచెంప, నా కాగితం, అన్నీ. సెక్రటరీ నా కార్డు ఎండకి ఎత్తి చూశాడు, మీసం నిమరలేదు. "అగ్‌లే సాల్ సే లేడీస్ కా భీ" అన్నాడు, చెప్పిన మాటకి కట్టుబడి. దీదీ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ పొద్దున్న భిలాయిలో నా అంత ఎత్తు మనిషి ఇంకొకరు లేరనిపించింది, ఇప్పుడైనా ఆ మాట వెనక్కి తీసుకోను.

అమ్మ మాత్రం రిక్షా దిగి తిన్నగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. భోజనాలయ్యాక మావారు పెరట్లో తుపాకీ తుడుస్తున్నారు, నేను పక్కన కూర్చున్నాను. అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి మా దగ్గర నిలబడింది.

"ఏదీ, ఓపాలి ఇలాగియ్యండి బాబూ. ఎంతుంటాదో సూస్తాను" అంది.

మావారు లేచి రెండు చేతులతో ఇచ్చారు. చీపురు పట్టుకున్నట్టు పట్టుకుంటుందనుకున్నాను. అమ్మ దాన్ని తిప్పి చూసింది, చెంప పల్లంలో బొటనవేలు ఆడించింది. తర్వాత ఎత్తింది. తిన్నగా ఎడమభుజానికి. ఎవరూ చెప్పలేదు. ఎడమచెంప వెళ్ళి ఆ పల్లంలో పడుకుంది, కుడికన్ను దానంతటదే మూసుకుంది.

"అమ్మా" అన్నాను.

"మాయమ్మ నాకు వాత పెట్టింది" అంది అమ్మ, గోడ మీంచి చూపు తిప్పకుండానే. "నాను నీకు గుడ్డే కట్టేను."

శాలువా జారి ఆవిడ ఎడమ మణికట్టు మీద మచ్చ కనబడింది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ మచ్చ చూస్తున్నాను. పొయ్యి దగ్గర కాలిందనుకున్నాను, ఒక్కసారీ అడగలేదు. నాలో అన్నేళ్ళుగా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. నేను లేచి గొట్టం వంచి గుండు పెట్టి, తుపాకీ మళ్ళీ ఆవిడ భుజానికి ఆన్చాను.

"ఎక్కడే నొక్కడం?" అంది.

ఆవిడ ఎడమచేతి వేలు పట్టుకుని ట్రిగ్గర్ మీద పెట్టాను.